గాజుల కింద నాడి

ఆళ్లగడ్డలో నేను నర్సుగా చేరిన రోజుల్లో కాన్పుగదిలో బిడ్డ గుండె వినడానికి ఉన్నదల్లా జానెడు అల్యూమినియం గొట్టం. వెడల్పు కొస తల్లి పొట్టమీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టాలి. నిమిషానికి నూట ఇరవై నుంచి నూట అరవై దాకా కొట్టుకుంటే లోపల బిడ్డకు ఊపిరి అందుతున్నట్టు లెక్క. తగ్గితే నంద్యాల పంపాలి. ఆపరేషను చేసి బిడ్డను తీసే వసతి అక్కడే ఉండేది.

నంద్యాలలో నాకు పని నేర్పిన పెద్ద సిస్టరు, వింటున్నంతసేపూ గొట్టం మీద చేయి వేయనిచ్చేది కాదు.

"చెవితోనే అదిమి పట్టుకో. చెయ్యి తల్లి మణికట్టు మీదుండాల. భయపడిన తల్లి గుండె గూడా బిడ్డ గుండె మాదిరే కొట్టుకుంటాది. రెండూ వేరని తేలినాకనే నోరు తెరువు" అనేది. చాటుకు పోయి ఆమె గొంతు అనుకరించి నవ్వుకునేవాళ్లం.

డెబ్బైల చివర, ఒక ఎండాకాలం, సంజామల వైపు నుంచి తొలిచూలు పిల్లను తెచ్చారు. ముందురోజు నుంచే నొప్పులు. పొద్దున నేను విన్నప్పుడు నూట పది, నొప్పి వచ్చినప్పుడు తొంభై. డాక్టరు ఊళ్లో లేడు. జీపు మాట్లాడమన్నాను. వచ్చి గుమ్మం ముందు ఆగింది.

ఎక్కించే ముందు మరొక్కసారి వినబోయాను. ఆ పిల్లకు మణికట్టు నుంచి మోచేతి దాకా శ్రీమంతం గాజులు. పైకి తోయబోతే అత్త నా చేయి పట్టుకుంది.

"ఒగటి పగిల్నా కీడు నర్సమ్మా. కాన్పయ్యేదాకా ముట్టొద్దు. బేగా చూడు, జీపాయప్ప అరుస్తాండాడు."

నాడి మెడ దగ్గర చూడొచ్చు. నాకు తట్టకపోలేదు. విసుగు, అంతే. గొట్టంలో చప్పుడు బాగానే వినిపిస్తోంది, ఇంకేం చూడాలి అనుకున్నాను. నూట ముప్పై రెండు.

"తేరుకున్నాడు నీ మనవడు" అన్నాను అత్తతో, ఏదో మొనగత్తెలాగా. జీపును తిప్పి పంపేశాను.

మధ్యాహ్నం దాకా మరో రెండుసార్లు అదే చప్పుడు విన్నాను, అదే మాట చెప్పాను. ఆ పిల్ల నొప్పుల మధ్యనే నవ్వి, "ఇంగోసారి చెప్పక్కా" అంది. చెప్పాను.

మూడింటికి మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. వీపు రుద్దాను, నోట్లోకి ఊదాను. బొడ్డుతాడు వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే అందులో కదలికే లేదు. కాన్పుకు చాలా ముందే పోయాడు. జీపును తిప్పి పంపినప్పటి నుంచి నేను లెక్కపెట్టింది తల్లి గుండెనని అప్పుడు తెలిసింది.

"గాజులు ముట్టొద్దంటే ముడితివి" అంది అత్త. ఒళ్లు మండిపోయింది. కానీ ఆమెను అనడానికి నాకు మొహమెక్కడిది?

ఆ పిల్ల మాత్రం నన్నే చూస్తోంది.

"కొట్టుకుంటాండాదని మూడుసార్లు చెప్తివి గదక్కా. మరి అది ఎవురిది?"

ఆమె చేయి పట్టుకుని గాజులు పైకి తోశాను. కాన్పయిపోయింది కదా, ఎవరూ అడ్డు చెప్పలేదు. నా వేళ్ల కింద అదే చప్పుడు, అదే వడి.