పెద్దమ్మాయి విశ్రాంతి

ఆ పేటలో మీటరమ్మ తెలియనివాళ్లు లేరు. కరెంటు మీటర్లు చూసి బిల్లు చేతిలో పెట్టడం ఆవిడ ఉద్యోగం. బిల్లు తెచ్చే మనిషిని చూసి ఎవరు సంతోషిస్తారు? అయినా ఆవిడ వస్తే జనం సంతోషించేవారు. ఆవిడ నవ్వితే వీధి చివరిదాకా వినిపించేది. మాట మాత్రం కడుపులో దాగేది కాదు. తన చెల్లెలి నోట్లో నువ్వుగింజ నానదని సొంత అక్కే పదిమందిలో చెప్పి నవ్వేది.

ఆ అక్క ఇల్లు కూడా మీటరమ్మ తిరిగే వీధుల్లోనే ఉంది. అమ్మ పోయాక ఆవిడకు పుట్టిల్లంటే అదే. వాళ్ల మీటరు పెరట్లో గుర్రప్పాక గోడకు ఉండేది. బావ ఆవిడను అక్కడిదాకా రానిచ్చేవాడు కాదు. "ఎండలో తిరిగి తిరిగి వచ్చావు, కూర్చో" అని తనే వెళ్లి, అంకెలు అక్కణ్ణుంచి గట్టిగా అరిచి చెప్పేవాడు. ముందుగదిలో టీ తాగుతూ ఆవిడ రాసుకునేది. పైవాళ్లకు తెలిస్తే అక్షింతలు పడే పనే. కానీ ఆమాత్రం వెసులుబాటు లేకపోతే ఇక చుట్టరికం ఎందుకని ఆవిడ వాదన.

బావ చాలా ఏళ్లు గుర్రబ్బండి మీద దుకాణాలకు సరుకు చేరవేశాడు. గోధుమరంగు ఆడగుర్రం. బావకు కూతురు పుట్టకముందే ఆ ఇంటికి వచ్చింది కాబట్టి దాన్ని పెద్దమ్మాయి అనేవారు. తరవాత పుట్టిన కూతురు చిన్నమ్మాయి అయింది. గుర్రం తరవాతి స్థానం తనదేమిటని ఆ పిల్ల పెళ్లయి వెళ్లేదాకా దెబ్బలాడుతూనే ఉంది. మోటారు బండి కొన్నాక బావ గుర్రాన్ని అమ్మలేదు. "ఇన్నాళ్లు లాగింది చాలు, ఇక మహారాణిలా కాలు కదపకుండా తిని కూర్చుంటుంది" అన్నాడు. ముసలి గుర్రాన్ని ఎంతకో అంతకు వదిలించుకునే లోకంలో ఇలాంటి మనిషి ఉన్నాడని అందరూ మెచ్చుకున్నారు. అందరికంటే గట్టిగా మెచ్చుకున్నది మీటరమ్మే.

ఒకసారి ఆవిడ వెళ్లేసరికి బావ ఇంట్లో లేడు. ఆవిడే పెరట్లోకి వెళ్లింది.

పాకలో మేత ఉంది. తొట్టిలో నీళ్లున్నాయి. నీడ ఉంది. వాటి మధ్య పెద్దమ్మాయి పొట్టితాడుతో కట్టేసి ఉంది. దాని గిట్టలు పెరిగి పెరిగి పాతకాలపు జోళ్ల ముక్కుల్లా పైకి వంకర తిరిగాయి. బరువంతా మడమల మీద మోపి, వెనక్కి వాలి నిలబడింది. ఆవిడను చూసి ఒక్క అడుగు ముందుకు వేయబోయి, వేయలేక ఆగిపోయింది.  మీటరమ్మ మీటరు చూడడం మరిచిపోయి వచ్చేసింది.

సాయంత్రం మళ్లీ వెళ్లి బావతో చెప్పింది.

"దాని గిట్టలు చూశావా బావా? అసలు నడవలేకపోతోంది."

"వయసు మీద పడింది. నీకు మాత్రం మోకాళ్ల నొప్పులు లేవూ?"

"నా గోళ్లు నేను కత్తిరించుకుంటున్నా కదా! లాడాలు కొట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి ఎన్నాళ్లయింది?"

"పనిలేని గుర్రానికి లాడాలెందుకు? మీటర్ల సంగతి నువ్వు చూసుకో అమ్మాయ్, గుర్రాల సంగతి నాకు వదిలెయ్."

అదీ ఆయన చేసిన తప్పు. బండి కట్టినన్నాళ్లు, లాడాలు అరిగినప్పుడల్లా గిట్టలు కూడా కోయించేవాడు. బండి మానగానే లాడాలు మానేశాడు, లాడాలతోపాటు గిట్టలూ మరిచాడు. అవి పెరగడం మాత్రం మానలేదు. గుమ్మందాకా వచ్చి అక్క, "ఆయన దగ్గర గుర్రం ఊసెత్తకే, మనసు కష్టపెట్టుకుంటారు" అని బతిమాలింది.

ఆ తరవాత రెండు రోజులూ మీటరమ్మకు ముద్ద దిగలేదు. ఊరుకుంటే గుర్రం కాళ్లు పోతాయి. ఊరుకోకపోతే పుట్టిల్లు పోతుంది. మూడోరోజు పశువుల ఆస్పత్రి గోడ మీద జంతువులను కాపాడే సంస్థవాళ్ల నంబరు చూసి, అక్కడే నిలబడి ఫోన్ చేసింది. అవతల ఒక అమ్మాయి ఓపికగా అన్నీ అడిగింది. నిలబడగలుగుతోందా, ఎక్కువసేపు పడుకునే ఉంటోందా, యజమాని మాట వినే మనిషేనా అని.

"మీ పేరు బయటికి రానివ్వం మేడమ్" అంది చివర్లో.

"మీరు రానివ్వరు, సరే. నేను రానివ్వకుండా ఉండాలి కదా తల్లీ!" అంది మీటరమ్మ. ఏడుపు ఆపుకుంటూనే అంది, కానీ ఇద్దరికీ నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున్నే బావ నుంచి ఫోన్. "వెంటనే రా. ఎవరో పనికిమాలినవాళ్లు నా మీద చాడీలు చెప్పారు. ఇంటి మీదికి మనుషులొచ్చారు."

ఆవిడ వెళ్లేసరికి పెరట్లో ఒక లేడీ డాక్టరూ, గిట్టలు కోసే ఆయనా ఉన్నారు. ఫోన్లో మాట్లాడిన అమ్మాయి కూడా వచ్చింది. మీటరమ్మ గొంతు వినగానే ఆ పిల్ల తల వంచుకుని, చేతిలోని తాడు ముడి తెగ సర్దడం మొదలుపెట్టింది.

"ఈ గిట్టలు ఒక్కసారిగా కోస్తే రక్తం వస్తుంది, కొంచెం కొంచెంగా తీయాలి" అంది డాక్టరు. "మెత్తటి నేల కావాలి, తిరగడానికి చోటు కావాలి. ఇక్కడ రెండూ లేవు. మా దగ్గరికి పంపండి. మీరు కాదంటే పోలీసులతో రావాల్సి ఉంటుంది. నాకది ఇష్టం లేదు. మీరు దగ్గరుంటే అది బెదరదు."

బావ మొహం ఎర్రబడింది. "కన్నకూతురి కంటే ముందొచ్చిన పిల్ల అది. దానికి నేను లోటు చేస్తానా? ఆ చాడీలు చెప్పినవాళ్లెవరో తెలిస్తే ఈ గడప తొక్కనివ్వను." మరదలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా వీళ్లకి, నేను దాన్నెంత బాగా చూసుకుంటానో. నెలనెలా వస్తావుగా!"

మీటరమ్మ అక్క వైపు చూసింది. గుర్రం కాళ్ల వైపు చూసింది. 

"చూసుకుంటావు బావా. దానికి నీ అంత ప్రేమ ఎవరూ పెట్టలేదు. కానీ దాని కాళ్ల వంక మాత్రం చూడలేదు. ఇన్ని నెలలొచ్చీ నేనూ చూడలేదు. ఫోన్ చేసింది నేనే."

  అప్పుడు అక్క ముందుకొచ్చింది.

"ఆ ఆస్పత్రి గోడ ముందు నేనూ ఎన్నోసార్లు ఆగాను" అంది మెల్లిగా. "నాకు ధైర్యం చాల్లేదు. పంపించండి. దాన్ని చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది."

 తాడు బావే విప్పాడు. వాళ్లు తెచ్చిన లారీకి వేసిన చెక్క మీదికి ఎక్కడానికి గుర్రం భయపడితే, తనే ముందు ఎక్కి పిలిచాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ అది ఆయన వెనకే ఎక్కింది. ఆయన మళ్లీ దిగలేదు, గుర్రంతో పాటే వెళ్లిపోయాడు.

ఆ తరవాత మీటరమ్మకు ఆ ఇంట్లో టీ దొరికింది కానీ బావ మాట దొరకలేదు. ఆవిడ వస్తే ఆయన దొడ్డిదారిన బయటికి పోయేవాడు. సెలవొస్తే చాలు, గుర్రం దగ్గరికి వెళ్తున్నాడనీ, వచ్చి కోసిన గిట్టముక్కలు చూపిస్తున్నాడనీ అక్కే చెప్పేది. మీటరమ్మ నవ్వుతూ వినేది. వీధి మలుపు తిరిగాక కళ్లు తుడుచుకునేది.

ఒక ఆదివారం ఫోన్ మోగింది. బావ!

"పెద్దమ్మాయి పోతోందే! వెల్లకిలా పడి నాలుగు కాళ్లూ గాల్లో కొట్టుకుంటోంది. చుట్టుపక్కల ఒక్కరూ కనబడ్డంలేదు. ఆ డాక్టరుకి నువ్వు ఫోన్ చెయ్యి, నీకు అలవాటేగా!"

ఆవిడ డాక్టరుకు ఫోన్ చేసి, అక్కను స్కూటరెక్కించుకుని, హారన్ మీద వేలు తీయకుండా వెళ్లింది. సంస్థవాళ్ల పచ్చిక మైదానం కంచె దగ్గర బావ నిలబడి ఉన్నాడు. పక్కన డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"పొర్లుతోందండీ! హాయిగా ఉంటే గుర్రాలు అలాగే పొర్లుతాయి. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదా?"

పెద్దమ్మాయి ఇటు దొర్లి, అటు దొర్లి, లేచి నిలబడి ఒళ్లంతా విదిలించింది. మట్టీ గడ్డీ వచ్చి అందరి మీదా పడ్డాయి. తరవాత అది పరిగెత్తింది. కత్తిరించిన చిన్న చిన్న గిట్టల మీద, తోక ఎత్తుకుని, మైదానం ఆ చివరిదాకా పోయింది.

"ఎట్లా చూస్తానమ్మా" అన్నాడు బావ.  "అయితే బండికి కట్టాను, లేకపోతే పాకలో కట్టాను. దాన్నెప్పుడూ విడిచిపెట్టి చూడలేదు."

అక్క ఏడుస్తోంది. మీటరమ్మ ఏడుస్తూ, వీధి చివరిదాకా వినిపించే ఆ నవ్వు నవ్వుతోంది. ఆ చప్పుడుకు మైదానంలో మిగతా గుర్రాలన్నీ తలలెత్తి చూశాయి. నీళ్లబండి తోసుకుంటూ వచ్చిన ముసలి పనివాడు ఆగి, "ఎవరండీ ఈవిడ?" అని అడిగాడు.

బావ మొహం తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు. సంబంధం కుదిరిన పిల్లను చూపించినంత గర్వంగా మరదల్ని చూపించాడు.

"నా మీద ఫిర్యాదు చేసింది ఈవిడే. మా మరదలు" అన్నాడు.