కింద విడిచిన జాగ

కాక పోయిండని నాకు ఫోన్లనే తెలిసింది. మా లూమ్ షెడ్డు మోతల రింగు ఇనపడదు. చాయ టైముల తీసి చూస్తే గల్లీ గ్రూపు నిండ దండం బొమ్మలు. దవాఖానల బెడ్డు దొరకక పెద్దమనిషి పాణం పోయిందని ఒక యూట్యూబ్ చానలోడు ఒర్రుతాండు. దాని కిందనే ఇంకొకడు, దవాఖానోళ్లు మంచిగనే చూసిన్రు, ఆయనే మందులు మింగలేదంటాండు. ఒకడు సర్కారును తిట్టెటోడు, ఒకడు మెచ్చెటోడు. ఇసుంటివి చూస్తే ఇంటికి పోయి అడగాలె అని నేర్పింది కాకనే. షిఫ్టు ఇడిసిపెట్టి ఖిలా వరంగల్‌కు ఉరికిన. దేవుడా, ఇది అబద్ధం కావాలె అనుకుంటనే పోయిన.

సగమే అబద్ధం. దవాఖాన ముచ్చట అబద్ధం. పోయింది నిజం.

ఆయన భార్యను చిన్నమ్మ అంట నేను. గడపల కూసున్నది. చానలోళ్లు ఎవలన్న వచ్చి అడిగిన్రా అన్న.

"ఎవ్వలు రాలే బిడ్డా. అడిగితే చెప్తుంటి. తానం చేసొచ్చి మంచం మీద ఒరిగిండు. చాయ సల్లారుతాందని పిలిచిన. పలుకలే."

గంతే. దవాఖాన గడపనే తొక్కలేదాయన.

కాక నాకు సొంత కాక కాదు, గల్లీ అందరికీ కాకనే. చాన ఏండ్లు ఒక పేపరుకు విలేకరి. జిల్లా పేజీలు తగ్గించుకుంట తగ్గించుకుంట, ఒకనాడు ఇగ వార్తలు పంపకన్నరట. ఆయన పంపుడు బంద్ చేసిండు గని తిరుగుడు బంద్ చెయ్యలే. చాయ హోటల్ పక్క గోడకు నల్లరంగు పూసి, సుద్దముక్కతోని రాసుడు మొదలువెట్టిండు. నల్లా ఎప్పుడొస్తది, మురికినీళ్ల మోరి పని ఎందుకాగింది, బడిల సార్లు ఎందుకు తక్కువైన్రు. అడుగున మూరెడు జాగ ఉత్తగ ఇడిసేటోడు. పక్కన గూట్లె ఒక సుద్దముక్క. రాసింది తప్పని తెలిసినోళ్లు అక్కడ రాయాలె. ఏడో తరగతిల బడి మానేసిన నేను, మళ్ల కూడబలుక్కొని సదువు నేర్సుకున్నది ఆ గోడ మీదనే.

ఒకపారి నీళ్ల ట్యాంకు కడుగుతలేరని రాసిండు. నీళ్లు ఇడిసేటాయన గరమై వచ్చి, మొన్ననే కడిగిన, ఎక్కి చూసుకో ముసలోడా అని కింద గీకిపోయిండు. కాక మోకాళ్ల నొప్పులతోని నిజంగనే ఎక్కిండు. దిగొచ్చి, 'నేను రాసింది తప్పు, ట్యాంకు సాఫ్‌గ ఉన్నది' అని మీదికెళ్లి కిందిదాంక పెద్ద అక్షరాలతోని రాసిండు. తప్పు ఎంత పెద్దగ రాస్తిమో దిద్దుడు గూడ గంతనే పెద్దగుండాలె అనేటోడు. నీళ్లాయన ఆ గోడ ముందట నిలవడి ఫోటో దిగిండు.

ఇంకొకపారి పిల్లల్ని ఎత్కపోయేటోళ్లు తిరుగుతాన్రని ఫోన్లల్ల వీడియో వచ్చింది. దుప్పట్లు అమ్ముకునేటోన్ని పట్టుకొని కరెంటు స్తంభానికి కట్టేసిన్రు. కాక గుంపుల చొచ్చి అడిగిండు.

"పోయిన పిల్ల పేరేంది?"

ఎవ్వనికీ తెల్వదు. ఏ ఇంటి పిల్ల అన్నడు. తెల్వదు. తాడు కాకనే ఇప్పిండు.

హోటల్ల మూడు పేపర్లు వచ్చేవి, మూడూ సదివేటోడు. ఒకనాడు మూడిట్ల ఒక్కటే ఫోటో, ఒక్కటే మాట ఉంటే నా ముందట పరిచి, ఇవి మూడు పేపర్లు గావురా, ఒక్క పేపరునే మూడుమాట్లు అచ్చేసిన్రు అన్నడు. ఇప్పుడు ఆ హోటల్ల ఒక్క పేపరు గూడ రాదు. అందరు తల వంచి ఎవల ఫోన్ వాళ్లు చూసుకుంటరు. పక్కపక్కనే కూసుంటరు గని ఒకని ఫోన్ల ఊరు ఇంకొకని ఫోన్ల ఊరు గాదు.

ఇంత పెద్ద పట్నం. సుబేదారిల బండి ఆపితే చాలు, మొఖం మీదికి చానలోళ్ల మైకు వస్తది. జిందగీ మొత్తం మంది గడపలు తొక్కి అడిగినాయన గడప ఒక్కడు తొక్కలే. చిన్నమ్మ నోట్లె మాట నోట్లెనే ఉన్నది.

తెల్లారి సుద్దముక్క పట్టుకొని గోడ కాడికి పోయిన. ఆ చానలోళ్లను బూతులు రాద్దామనే పోయిన. చెయ్యి లేపంగనే, ఎప్పుడో కాక నన్ను ఆపిన మాట యాదికొచ్చింది: "కోపం నీది, వార్త అందరిది. నీది నీ దగ్గర పెట్టుకో." చిన్నమ్మ చెప్పిందే రాసిన. తానం, మంచం, సల్లారిన చాయ. ఆమెకు సదువు రాదు. మైల దినాలల్ల గడప దాటొద్దని చుట్టాలు అంటున్నా గోడ కాడికి వచ్చింది. సదివి ఇనిపించిన.

"కింద జాగ ఇడిసినవా?" అన్నది.

ఇడిసిన అన్న.

షిఫ్టుకు పోతప్పుడు రోజు అటే పోతున్న. గూట్లె సుద్దముక్క మంచుకు తడిసి మెత్తవడ్డది. మీది అక్షరాలు మాసిపోతాన్నయి. ఒక్కలన్న వచ్చి, ఇది తప్పు, ఆయన బతికే ఉన్నడు అని రాసిన్రేమోనని ఆగి కిందికే చూస్త. ఆ మూరెడు జాగ నల్లగ, ఉత్తగనే ఉంటాంది.