చూపు తిప్పని ఇంటర్వ్యూ

ఉద్యోగం పోయిన ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా రెజ్యూమె దిద్దుతాడు. పాత సహోద్యోగులు పంపే "చూద్దాంలే బ్రో" చదివి మెడ నిమురుకుంటాడు. నెలల తర్వాత ఇవాళ ఒక ఇంటర్వ్యూ దొరికింది. ప్రశ్నలడిగేది మనిషి కాదు, యంత్రం. చూపు తెర మీంచి పక్కకు పోతే కాపీ కొడుతున్నాడని అక్కడికక్కడే తీసేస్తుంది. మొహంలో ఉత్సాహం తగ్గినా మార్కులు కోస్తుందట. ఒక జవాబు ముగించి, తర్వాతి ప్రశ్న కోసం అతను నవ్వుమొహంతో ఎదురుచూస్తుండగా అత్తగారు గుమ్మంలోకి వచ్చింది.

"అవతల ఎవరు బాబూ?"

"ఎవరూ లేరత్తయ్యా," అన్నాడు తల తిప్పకుండా.

"మరి ఎవర్ని చూసి ఆ నవ్వు? ఒక్కసారి ఇటు చూడు నాయనా, నాకు భయమేస్తోంది."

అతను చూడలేదు. దవడలు నొప్పెడుతున్నా నవ్వు దించలేదు.