ఫ్యూజు తీసేసిన పెళ్లింట్లో పాట

దయ్యాలు లేవన్న పక్షాన కాలేజీ చర్చల్లో చాలాసార్లు నిలబడ్డాను. ఇప్పటికీ పక్షం మారలేదు. కనుక మద్దేడ్ దగ్గర ఒక పెళ్లింట్లో చూసినదాన్ని, చూసినంతవరకే రాస్తాను.

నేను వైరింగు పని చేస్తాను. పెళ్లికూతురి తండ్రి మల్లన్న నన్ను పిలిచింది సౌండు బాక్సుకు ఒక ప్లగ్గు పెట్టడానికి మాత్రమే. తీరా చూస్తే ఆ ఇంటి ఎర్తు తీగ నేలలోకి దిగలేదు. వాకిట్లో రేకుల పందిరి ఇనుప స్తంభానికి చుట్టి ఉంది. టెస్టరు ఆనిస్తే వెలిగింది, అంటే స్తంభంలో కరెంటు ఉంది. ఆ స్తంభం పక్కనే పీట వేశారు. కాసేపట్లో అమ్మాయికి పసుపు నీళ్లు పోస్తారు.

మెయిన్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను.

ఆ వైరింగు చేసినవాడు మల్లన్న బావమరిది సమ్మయ్య. "నాలుగేండ్ల సంది ఎవలు సచ్చిండ్రు? నీకు చెప్పిన పనేంది, నువ్వు చేసేదేంది? లైన్ చాలూ చెయ్!"

"తప్పు చేసింది నేను కాదు మామా. సూసింది నేను. సూసినంక ప్లగ్గు పెడితే నాది గూడ అయితది."

కరెంటు లేకుండానే నీళ్లు పోయమన్నాను.

"పాట లేకుండ నా మనవరాలికి నీళ్లెట్ల పోస్తరు?" అంటూ అవ్వ కళ్లొత్తుకుంది.

ముహూర్తం ఆగదు కదా, మూగగానే మొదలుపెట్టారు. గొణుక్కుంటూనే సమ్మయ్య గడ్డపార అందుకున్నాడు. ఇద్దరం ఎర్తు గుంట తవ్వుతున్నాం.

మొదటి చెంబు నీళ్లు పడగానే బాక్సు పాడింది.

పరుగెత్తాను. దాని తీగ మంచం మీద చుట్టచుట్టి అలాగే ఉంది. వెనక మూత విప్పాను, బ్యాటరీ లేదు. ఫ్యూజు జేబులోనే ఉంది. పెళ్లికూతురు పీట మీద విరగబడి నవ్వుతోంది. ఆడవాళ్లు పసుపు బురదలోనే చిందులేశారు.

"సూసినవా సమ్మిగా, నీకన్న డబ్బాకే బుద్ధున్నది. కరెంటు ఒద్దన్నది!" అని అవ్వ అరిచింది. అందరికన్నా గట్టిగా సమ్మయ్యే నవ్వాడు.

మూడు పాటలు. అమ్మాయి పీట మీంచి లేవగానే ఆగిపోయింది.

తర్వాత గుంటలో పైపు దించి, ఉప్పూ బొగ్గూ నింపి, ఎర్తు తీగను దానికి కలిపాం. లోపల దెబ్బతిన్న తీగ మార్చాను. ఫ్యూజు పెట్టాక స్తంభం దగ్గర టెస్టరు వెలగలేదు. సమ్మయ్య ఉత్తి కాళ్లతో వచ్చి ఆ స్తంభాన్ని కౌగిలించుకుని ఫొటో దిగాడు.

ఆ పాటల మీద రెండు పక్షాలూ నేనే వాదించి చూసుకున్నాను. ఏదీ నిలవలేదు. తెలియదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కచోట మాత్రం, సంతోషంగానే, ఒప్పుకుంటున్నాను.