హెరాల్డ్ కారులో పూడిమడకకు, ఆరేళ్ళు ఆలస్యంగా

పాత కార్ల గురించి రాసే కుర్రవాళ్ళ వ్యాసాలు ఈ మధ్య కొన్ని చదివాను. ఒకాయన విశాఖ నుంచి తీరం వెంట పాత కార్లలో ఊరేగింపుగా వెళదామని పిలుపు ఇస్తూ, "హెరాల్డ్ తప్ప ఏదైనా తీసుకురండి, దాని ముందు చక్రాలు ఊడిపోతాయి" అని చమత్కరించాడు. చదివిన వాళ్ళందరూ నవ్వారు. ఆ దారిలో హెరాల్డ్ నడిపినవాణ్ణి నేను. చక్రం ఎందుకు ఊడుతుందో కూడా నాకు తెలుసు. ఆ సంగతి చెప్పాల్సిన మనిషికి చెప్పడానికి 1985లో చేసిన ప్రయాణం ఇది. ఆ దారిన వెళ్ళాలనుకునేవారికి వివరాలు పనికొస్తాయి, మిగతాది ఎవరికి పనికొస్తుందో నాకు తెలియదు.

ముందు కారు సంగతి. హెరాల్డ్ ఇంగ్లండులో 1959లో పుట్టింది. గీసినవాడు ఇటలీ మనిషి. పూర్తి బాడీ ఒక్కచోట అచ్చుపోసే వీలు దొరకక, ముక్కలుగా చేసి కింద విడి ఛాసిస్ చట్రం మీద బోల్టులతో బిగించారు. అప్పటికి పాతబడిన పద్ధతే, కానీ మన దేశానికి అదే మేలయింది. మద్రాసులో బిగించడం మొదలుపెట్టారు, తర్వాత నాలుగు తలుపులది ఇక్కడే తయారైంది. బానెట్ లాగితే మడ్‌గార్డులతో సహా ముందుకు పడి ఇంజను మొత్తం బయటపడేది. కంచరపాలెం సందుల్లో రిక్షా తిరిగేచోట అదీ తిరిగేది. ఇంగ్లండులో 1971లో ఆపేశారు. పోర్టులో గుమాస్తాగా ఉన్న నేను 1973లో ఒక ఇంజనీరు దగ్గర లేత నీలం రంగుది కొన్నాను.

దాని మరమ్మతులు చూసిన మెకానిక్ నూకరాజు. పూడిమడక జాలరి కుటుంబం, బడికి వెళ్ళలేదు, కంచరపాలెం రైలు గేటు దాటాక రేకుల షెడ్డు. అమావాస్యనాడు వాళ్ళ ఇంట్లో ఎవరూ వేటకు వెళ్ళరు, పడవల మరమ్మతు చూసుకుంటారు. ఇతనూ ఆ రోజు కొత్త పని ముట్టేవాడు కాదు. వాడుకగా తన దగ్గరకొచ్చే కార్లను వరసగా నిలబెట్టి, జాకీ ఎత్తి, ముందు చక్రాల కింద ఉండే ఇత్తడి కీళ్ళలోకి చిక్కటి గేరు ఆయిలు ఎక్కించేవాడు. ఆ కీలుకి అతను పెట్టిన పేరు మోకాలు. "ఇది ఎండిపోతే మనిషి కూలబడతాడు బాబూ, కారూ అంతే" అనేవాడు. ఆ ఆయిలు రెండు మూడు రోజులు చుక్కలు చుక్కలుగా కారి వాకిలి పాడుచేసేది. మా బావమరిది సత్యం అది చూసి నవ్వేవాడు. "ఏటి బావా, నీ కారుకి ముక్కు కారతంది! గ్రీజు కొట్టించు, శుభ్రంగా ఉంటది." 1979లో ఊళ్ళో కొత్తగా తెరిచిన ఒక సర్వీసు స్టేషనుకు తీసుకెళ్ళి ఆ కీళ్ళ నిండా గ్రీజు కొట్టించాను. వాకిలి శుభ్రమైంది. నూకరాజుకు చెప్పలేదు. మూడు అమావాస్యలు ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను.

నాలుగో నెలలో గోపాలపట్నం దగ్గర మలుపు తిరుగుతుంటే ముందు కుడి చక్రం ఊడి కారు కిందకి మడుచుకుపోయింది. మెల్లగానే వెళుతున్నాం. అయినా పక్కన కూర్చున్న నా భార్య సరోజ మణికట్టు విరిగింది. ఆ కోపంతో విరిగిన ముక్క చేత పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. పోర్టు డ్రైవర్లు, లారీవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు. నూకరాజు ముక్కలోంచి నల్లగా గట్టిపడినదాన్ని చిటికెనవేలితో తీసి వాసన చూశాడు. "ఇది ఆయిలు కాదు బాబూ. ఎవులో గ్రీజు కొట్టినారు. ఇది గడ్డకట్టి మోకాలు బిగిసిపోనాది" అన్నాడు. "గ్రీజు పెడితే ఇనుము విరుగుతుందా? ఏ పుస్తకంలో చదివావు?" అన్నాను. అందరూ నవ్వారు. "చదువురాని వాడి చేతిలో పెట్టడం నాదే తప్పు" అని కూడా అన్నాను. ఇంగ్లీషు పుస్తకాలు చంకన పెట్టుకు తిరిగే మనిషిని నేను, నా మాటే నిలిచింది. ఏడాది తిరగకుండా షెడ్డుకు తాళం పడింది, నూకరాజు పూడిమడక వెళ్ళిపోయాడు.

మా ఇంట్లో అలమర నిండా పుస్తకాలు. ఆ కారుతోపాటు వచ్చిన మాన్యువల్ కూడా వాటి మధ్యే ఉంది. చక్రవర్తుల చరిత్రలు చదివాను, అది తెరవలేదు. 1985లో ఒక సాయంత్రం వేరే పని మీద తీస్తే, ఆ కీలు బొమ్మ పక్కనే స్పష్టంగా ఉంది: గేరు ఆయిలే వాడాలి, గ్రీజు కాదు.

అప్పటినుంచి అమావాస్యకి ఆయిలు నేనే పోశాను. అలా రెండు నెలలు గడిచాక ఒక ఆదివారం తెల్లవారుజామున అయిదుంబావుకు కారు తీశాను. సత్యం చేపల కోసమనుకుని సంచి పట్టుకుని ఎక్కాడు. నేను కాదనలేదు. ఎన్‌ఏడీ కూడలి, గాజువాక దాటాక ఉక్కు కర్మాగారం కడుతున్న వైపు దుమ్ము, క్రేన్లు, వరసగా లారీలు. ఆ పొద్దున్నే వెళ్ళినా కూర్మన్నపాలెం దగ్గర పావుగంట ఆగాం. లంకెలపాలెంలో టీ తాగాం. కొట్టు ముసలాయన కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇదింకా తిరగతందేటి బాబూ! ఇలాటిది నడిపినోడు ఒకడు మా ఊర్లో ఉండీవోడు. దీన్ని అమ్మేసి గేదిని కొనుక్కున్నాడు."

"మా బావకి గేదె అక్కర్లేదు తాతా, పుస్తకాలు పాలిస్తాయి" అన్నాడు సత్యం.

ఆరూ నలభైకి అనకాపల్లి. అక్కడ హైవే వదిలి ఎడమకు తిరగాలి. అచ్యుతాపురం అప్పుడు చిన్న కూడలి. జీడితోటలు, సరుగుడు చెట్లు, రెండు బడ్డీ కొట్లు. ఇప్పుడు అక్కడ ఫ్యాక్టరీల బస్సులు తప్ప ఏమీ కనబడవు. అక్కడి నుంచి రోడ్డు గతుకులు, ఇసుక. రానూపోనూ నూట ఇరవై కిలోమీటర్లకు పది లీటర్లు తాగింది, ఆనాటి ధరకు డెబ్బై అయిదు రూపాయల దాకా.

ఎనిమిది కాకుండా పూడిమడక చేరాం. తెప్పలు ఒడ్డుకు వచ్చేశాయి. నూకరాజు ఒక తెప్ప దుంగలకు తాడు బిగిస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి లేచాడు కానీ నా దగ్గరకు రాలేదు, కారు దగ్గరకు వెళ్ళాడు. ముందు చక్రం పక్కన చతికిలబడి, వేలు లోపలికి పెట్టి, బయటికి తీసి చూసుకున్నాడు.

"ఆయిలేనా?"

"ఆయిలే."

"ఎవులు పోత్తన్నారు?"

"నేనే. అమావాస్యకి."

తల ఊపాడు. అప్పుడు చెప్పాను. సర్వీసు స్టేషను, గ్రీజు, మాన్యువల్, అన్నీ. సత్యం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. నూకరాజు భార్య నర్సమ్మ చేపల గంప దించి, అంతా విని, నా మొహంలోకి చూసింది.

"అంత సదువుకున్నోరికి తెలవడానికి ఆరేల్లు పట్టిందేటి?"

"ఊరుకోయే" అన్నాడు అతను. తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "నాకు సెప్పడానికి ఇంత దూరం ఎందుకొచ్చినారు బాబూ? నాకు ఆవేళే తెల్సు. మా పెద్దోడికి పని వచ్చు. కంచరపాలెంలో ఏ షెడ్డుకెల్లినా, నూకరాజు కొడుకా, సక్రం ఊడగొట్టినోడి కొడుకా, అని నవ్వి పంపేత్తన్నారు. ఆవేళ మీ మాట ఇన్నోలకి సెప్పండి. మీరు సెప్తే ఇంటారు."

చెబుతానన్నాను. తొమ్మిదిన్నరకు బయలుదేరి పన్నెండుకు కంచరపాలెం గేటు దగ్గరకొచ్చాం. గేటు వేసి ఉంది. షెడ్ల ముందు బల్ల మీద ఆనాటి డ్రైవర్లు నలుగురు కూర్చుని ఉన్నారు. ఒకడు నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు. "ఇప్పుడెందుకు బావా, ఎవులడిగారు? మన పరువే పోద్ది" అన్నాడు సత్యం. గూడ్సు బండి వెళ్ళేదాకా సమయం ఉంది. దిగి పది అడుగులు వేస్తే చాలు. గేటు లేచింది. ఇంటికి వచ్చేశాను. వచ్చే ఆదివారం అనుకున్నాను. కొన్నాళ్ళకు అతని కొడుకు పని వెతుక్కుంటూ ఒడిశా వైపు వెళ్ళిపోయాడని విన్నాను.

సత్యం మీద, ఆ సర్వీసు స్టేషను మీద, నవ్విన డ్రైవర్ల మీద చాలా ఏళ్ళు కసి పెంచుకున్నాను. ఇది చదివితే సత్యానికి కోపం వస్తుంది, రానీ. కానీ వాడు సలహా ఇచ్చాడంతే, కారు తీసుకెళ్ళింది నేను. డ్రైవర్లు నవ్వారంతే, నవ్వించింది నేను. నా చదువంతా ఒక మనిషి నోరు మూయించడానికి ఒక్కసారే గట్టిగా పనికొచ్చింది. నూకరాజు ఇప్పుడు లేడు. వెళ్ళేవారికి ఒక సలహా: తెల్లవారకముందే బయలుదేరి ఎనిమిదిలోపు ఒడ్డు చేరండి, తర్వాత తెప్పల దగ్గర మాట్లాడడానికి ఎవరూ మిగలరు. ఇక 1979లో రైలు గేటు దగ్గర నా కేకలు విన్నవాళ్ళు ఎవరైనా బతికుంటే వినండి. నూకరాజు పనిలో తప్పు లేదు. గ్రీజు కొట్టించింది నేను.