మాస్టారి ఉపవాసం, నా మాట

తెనాలిలో నేను మందుల షాపు పెట్టిన కొత్తలో జరిగిందిది. గుడ్‌ఫ్రైడే నాటి మధ్యాహ్నం, చుండూరులో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన వచ్చి కౌంటరు పట్టుకుని నిలబడ్డారు. చొక్కా చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి.

"ఏంటి మాస్టారూ, షుగరు మాత్ర వేసుకోలేదా?"

"పొద్దున్నే వేసుకున్నాను బాబూ. తిండికి ముందు వేసుకోమన్నావుగా."

"మరి ఏం తిన్నారండి?"

"ఇవాళ ఉపవాస ప్రార్థన కదా. తిండి రేపు."

నా గుండె కాసేపు సెలవు పెట్టింది. మాత్ర వేసుకుని తినకపోతే షుగరు ప్రమాదంగా పడిపోతుంది. ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్లు అందించాను.

"వద్దయ్యా, ఉపవాసం పోతుంది."

"మీరు పోతారు మాస్టారూ, తాగండి!"

పావుగంటకు వణుకు తగ్గింది. ఇడ్లీ తినిపించి, ఆటోలో డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆయన బతికారు, నేనూ బతికాను.

తప్పు ఆయనది కాదు. నేను చెప్పింది అక్షరాలా పాటించారు. నాలుగేళ్లు ఫార్మసీ చదివినవాణ్ణి, తిండి ఎప్పుడని అడగలేదు. ఇప్పుడు షుగరు మాత్రలు ఇచ్చే ముందు, "అరగంటలో భోంచేస్తారా?" అని అందరినీ అడుగుతున్నాను. కొందరు భోజనానికి పిలుస్తున్నాననుకుని మొహమాటపడుతున్నారు. పడనివ్వండి.