ఒత్తి చూడని మామిడికాయ

ఇవాళ మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో పాప డాన్స్ క్లాసు బయట నిలబడితే, తోపుడుబండి మీంచి మామిడిపండ్ల వాసన వచ్చింది. వెంగళరావు నగర్‌లోని మా పాత ఇంట్లో నవారు మంచం కింది చీకటి గుర్తొచ్చింది. అక్కడ గడ్డి పరిచి నానమ్మ కాయలు మాగేసేది. మీ ఇళ్లలోనూ ఉండేది కదూ, గది గదంతా పట్టేసిన ఆ వెచ్చటి తీపి వాసన?

పిల్లలం ఆగుతామా! బోర్లా పడుకుని, చెయ్యి దూర్చి ఒక్కో కాయనూ ఒత్తి చూసేవాళ్లం. నానమ్మ విసనకర్రతో వీపు మీద ఒక్కటిచ్చేది.

"ఏంది గట్ల పిసుకుతున్రు? ఒత్తిన కాడ పండదు, కుళ్లుతది. జర దాని మానాన దాన్ని ఉండనియ్యున్రి!"

నిజంగానే మా వేళ్లు పడిన చోటల్లా నల్లమచ్చలు తేలేవి.

ఇంతలో డాన్స్ మాస్టారు బయటికొచ్చారు. మా తొమ్మిదేళ్ల పాపను టీవీ పోటీకి పంపాలని మళ్లీ అదే మాట.

"ఇప్పుడే పుష్ చేయాలి మేడం. ఈ వయసు దాటితే ఎవరూ చూడరండీ."

ఆయన వెనక పాప గోళ్లు కొరుకుతోంది. పళ్లు తోముకుంటూ కూడా ఆడే పిల్ల, పోటీ మాట మొదలయ్యాక ఇంట్లో ఒక్క అడుగూ వేయడం లేదు.

నేనే తప్పు చేస్తున్నానేమోనన్న అనుమానం లోపల ఉంది. అయినా, "పంపనండీ" అన్నాను.

"వెనకబడిపోతుంది మేడం!"

"పడనివ్వండి. మీ తొందరను మా పాప కాళ్లకు కట్టకండి."

బండి మీద ఇంకా పండని కాయలు ఏరి కొన్నాను. ఇంట్లో మంచం కింద పాత పేపర్లు పరిచి ఇద్దరం పేర్చాం. పాప అప్పుడే చెయ్యి చాపింది.

"ఒత్తకు బిడ్డా," అన్నాను. "పండినంక వాసనే పిలుస్తది."